మెడ వెనక లంకె

మా చేతిపనుల సెంటరు అమలాపురం శివార్లలో, కాలవ గట్టున ఒక పాత పెంకుటింట్లో ఉండేది. పొద్దున తొమ్మిదయ్యేసరికి కాలవ నీళ్ల మీద పడిన ఎండ కిటికీలోంచి లోపలికి వచ్చి, పైన వాసాల మీద మెల్లగా కదులుతూ ఉండేది. కింద మేం పన్నెండు మంది ఆడవాళ్లం చాపల మీద వరసగా కూర్చుని కొబ్బరి చిప్పలు అరగదీసేవాళ్లం. ఆ పొడి గోధుమ రంగులో గాలిలో తేలేది. జుట్టు మీద, కనురెప్పల మీద వాలేది. మధ్యాహ్నం అన్నాలకి లేచే వేళకి అందరం ఒకే రంగుకి వచ్చేసేవాళ్లం. ఇన్నేళ్లయినా కళ్లు మూసుకుంటే నాకు ముందు ఆ వెలుగే కనిపిస్తుంది. మనుషులు ఆ తర్వాత ఒక్కొక్కళ్లే వస్తారు.

ఈ మధ్య చేతిపని నేర్చుకునే అమ్మాయిలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తున్నారు. ఫోన్లో ఏవో హారాల ఫొటోలు చూపించి, ఈ లంకె ఊడకుండా ఎలా వేస్తారండీ అని అడుగుతారు. చూపిస్తాను. వేళ్లు వణుకుతున్నా ఆ పని మర్చిపోలేదు. కానీ అది చూపించాక ఇంకొక మాట చెప్పాలి, అది చెప్పబోయేసరికి వాళ్లకి బస్సు వేళవుతుంది. అందుకని ఇక్కడ రాస్తున్నాను. బస్సు తప్పిపోయే భయం లేనప్పుడు చదువుకోండి.

ఇది డెబ్బైల చివర్లో జరిగిన సంగతి. నేను ఆ సెంటర్లో టీచర్ని. మా నాన్న ఒకరి కొబ్బరితోటలో పాలేరు. మా నాయనమ్మ చర్చిలో ఆదివారం బడికి పోయి, పిల్లల మధ్యన కూర్చుని అక్షరాలు నేర్చుకున్న మనిషి. మా ఇంట్లో నెలజీతం తెచ్చిన మొదటి మనిషిని నేనే. అందుకని నాకు కాస్త గీర ఉండేది. కాస్తేమిటిలెండి, బాగానే ఉండేది. చేతికి గడియారం పెట్టుకుని, ఎవరూ అడక్కపోయినా టైము చెప్పేదాన్ని.

తీగ పని నాకు నేర్పింది ఒక ముసలి ఆచారి గారు. బంగారం పని చేసి చేసి, చూపు ఆనకపోవడంతో మానుకున్నారు. ఇత్తడి తీగని ఎంత కాల్చాలో, ఎప్పుడు చల్లార్చాలో, గుండ్రటి ముక్కు పటకారుతో కొసని కన్నులా ఎలా తిప్పాలో ఆయన దగ్గరే నేర్చుకున్నాను. తీగని చూడకుండా వేళ్లతో తడిమి, “ఇది ఇంకో రెండు వంపులకి తెగుద్దమ్మా” అనేవారు. సరిగ్గా రెండో వంపుకి తెగేది. నాకు పని వచ్చిందని తేల్చి ఆయన వెళ్లిపోయాక, ఆ ఇంట్లో తీగ గురించి నా మాటకి తిరుగు లేకుండా పోయింది. అది నాకు మంచి చెయ్యలేదని ఇప్పుడు అనిపిస్తుంది.

మేం చేసేవి కొబ్బరి చిప్ప హారాలు. చిప్పని చిన్న బిళ్లలుగా కోసి, అరగదీసి, కొబ్బరినూనె రాసి గుడ్డతో రుద్దితే నల్లగా నిగనిగలాడతాయి. ఒక్కో బిళ్లకి బెజ్జం వేసి, అందులోంచి ఇత్తడి తీగ దూర్చి, రెండు కొసలూ కన్నుల్లా తిప్పుతాం. ఒక బిళ్ల కన్నుని పక్క బిళ్ల కన్నులోకి వేసి ముయ్యాలి. అదే లంకె. హారానికి అందం చిప్పది, ప్రాణం లంకెది. మొదట్లో మేం తీగ కొసని తిప్పి, మొదలుకి ఆనించి వదిలేసేవాళ్లం. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. చీర కొంగు తగిలితే చాలు, తెరుచుకునేది.

పట్నంలో ఒక పెద్ద దుకాణానికి మేం పంపిన మొదటి సరుకు అంతా వెనక్కి వచ్చేసింది. పార్సిలు విప్పి చూస్తే బిళ్లలు వేరు, తీగలు వేరు. సంచీలో పప్పుగింజల్లా గలగలమన్నాయి. మా మేనేజరు గారు చాలా మెత్తటి మనిషి. గొడుగు లేకుండా వీధిలోకి వచ్చేవారు కాదు, గట్టిగా ఒక మాట అనేవారు కాదు. ఆయన ఆ దుకాణం ఉత్తరం మా అందరి ముందూ నిలబడి చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

“గడువు పెట్టి ఇంకొక్కసారి పంపమన్నారమ్మా. అది కూడా తిరిగొచ్చిందంటే మన సెంటరు ఎత్తేస్తామని పైవాళ్లు చెప్పేసేరు” అన్నారు.

మాలో చాలామందికి ఆ చాప మీద చోటంటే ఏమిటో మీకు చెప్పాలి. అది లేకపోతే కొందరు వరి ఊడ్పులకి పోవాలి, కొందరు కొబ్బరిపీచు తాళ్లు పేనే రాట్నం దగ్గరికి పోవాలి. నీడ పట్టున కూర్చుని, ఎవరి చేతా తిట్లు తినకుండా, మధ్యాహ్నం కబుర్లు చెప్పుకుంటూ పని చేసుకునే చోటు వాళ్ల జన్మలో అదొక్కటే. మరి ఆ లంకెలు తెరుచుకున్నది నేను నేర్పిన తీరు వల్ల. నాకు తల కొట్టేసినట్టయింది.

నాలుగు రోజులు తీగ ముందేసుకుని కూర్చున్నాను. ఐదో రోజుకి దారి దొరికింది. కన్ను తిప్పాక కొస కత్తిరించెయ్యకుండా, ఆ కొసనే మొదలు చుట్టూ బిగించి మూడు చుట్లు చుట్టాలి. చుట్టుకీ చుట్టుకీ మధ్య సందు ఉండకూడదు. చివర ఆకురాయితో నునుపు చెయ్యాలి. ఒక లంకెకి పట్టే సమయం మూడింతలైంది గానీ, ఇక దాన్ని తెరవడం ఎవరి తరమూ కాదు. పరీక్ష పెట్టాను. పక్కింటి నుంచి రుబ్బురోలు పొత్రం తెప్పించి, గుడ్డలో మూటకట్టి, ఒకే ఒక్క లంకెకి తగిలించి దూలం నుంచి వేలాడదీశాను. పొత్రం మెల్లగా ఇటూ అటూ తిరిగింది. సాయంత్రం దాకా అలాగే ఉంచాను. వీధిలో పోయేవాళ్లు కూడా లోపలికి వచ్చి చూసి వెళ్లారు. మేనేజరు గారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. ఆ పూట నా కాళ్లు నేల మీద లేవు.

మాలో ఒకావిడ కాట్రేనికోన వైపు, సముద్రం ఒడ్డు పల్లె నుంచి వచ్చేది. మాకంటే పదేళ్లు పెద్ద. అమలాపురంలో చెల్లెలి ఇంట్లో ఉండి పనికి వచ్చేది. అందరం సముద్రం అక్కగారు అనేవాళ్లం. వల అల్లిన చేతులు, తీగ చుట్టడం మా అందరికంటే త్వరగా పట్టుకుంది. తక్కువ మాట్లాడేది. వేలాడే పొత్రాన్ని చూస్తూ ఆవిడ అడిగింది.

“టీచరు గారండీ, అన్నీ ఇలా గట్టివేనాండీ?”

“అన్నీ ఇంతే అక్కగారూ. మెడ వెనక కొక్కేనికి కూడా ఇవే చుట్లు. ఒక్కటి కూడా ఊడదు.”

“ఒకటి ఊడాలి కదండీ.”

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. “ఊడడానికైతే పాతవి ఉన్నాయి కదండీ, సంచీ నిండా” అన్నాను.

“అలాక్కాదండీ. మేం వలకి రాయి కడతాం కదండీ. తాడు గట్టిదే వేస్తాం. రాయి దగ్గర మాత్రం పాత నూలు ముక్కతో ముడేస్తామండి. అడుగున ఏ మొద్దుకో రాయి పట్టేసిందనుకోండి, ఆ ముడి తెగిపోద్ది. రాయి పోద్దండి. పడవ మిగులుద్ది.”

“మనం హారాలు మెడలో వేసుకుంటామండీ, సముద్రంలో వెయ్యం” అన్నాను. మళ్లీ నవ్వులు. నా మాటకి అంత నవ్వొచ్చిందని నాకు ముచ్చటేసింది కూడా.

“ఆయ్” అంది ఆవిడ. తల దించుకుని తీగ చుట్టుకుంది. మా వైపు ఆయ్ అంటే ఔనని అర్థం. వినే చెవి ఉంటే అందులో ఇంకా చాలా వినపడతాయి. నాకు ఆ చెవి అప్పుడు లేదు.

రెండు నెలలు పని చేశాం. ఆ రెండు నెలలూ నాకు ఒకే పొడుగాటి మధ్యాహ్నంలా గుర్తున్నాయి. ఆకురాళ్ల చప్పుడు, కాలవలో తెడ్డు పడ్డ చప్పుడు, ఎవరో లోగొంతుతో పాడుకునే కీర్తన, వాసాల మీద కదిలే నీటి వెలుగు. వేళ్లకి పుళ్లు పడేవి. పసుపు, నూనె రాసుకుని మళ్లీ కూర్చునేవాళ్లం. నూట ఇరవై ఒక్క హారాలు తయారయ్యాయి. ఒక్కొక్కటి నేనే గోడ మేకుకి తగిలించి, రెండు చేతులా పట్టి లాగి చూశాను. ఒక్కటి కూడా లొంగలేదు.

మాకొక అలవాటు ఉండేది. ఏ సరుకైనా పంపేముందు అందులో ఒకటి తీసి, మాలో ఒకరు మూడు రోజులు మెడలో వేసుకోవాలి. ఊరికే కాదు. అంట్లు తోమేటప్పుడు, నీళ్లు తోడేటప్పుడు, పిల్లల్ని ఎత్తుకునేటప్పుడు తియ్యకూడదు. ఎక్కడ గీరుకుంటోందో, ఎక్కడ పట్టుకుంటోందో వచ్చి చెప్పాలి. ఆసారి కాలవ అవతల ఉండే ఒక కోడలుపిల్లకి వేశాం. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లుంటాయి. అత్తగారింట్లో పీచుతాళ్లు పేనేవారు. ఆ ఇంట్లో రాట్నం తిప్పే పని తప్పించుకుని మా చాప మీదకి వచ్చిన పిల్ల. నవ్వితే ఆపడం కష్టం. హారం మెడలో వేస్తే, “పెళ్లికి కూడా ఇంత పెద్దది పెట్టలేదండీ నాకు” అని అందరికీ తిరిగి తిరిగి చూపించింది.

మూడో రోజు పొద్దున్నే మేనేజరు గారు పార్సిలు కట్టించుకుని, రిక్షాలో బస్టాండుకి వెళ్లారు. పదింటి రాజమండ్రి బస్సు మీద వేస్తే, అక్కడి నుంచి రైల్లో పట్నం పోతుంది. మూడు రోజులూ నిండకుండానే పంపేశాం చూడండి. పొత్రాన్ని మోసిన లంకెకి ఇంకా పరీక్షేమిటని నేనే అన్నాను.

ఆయన వెళ్లిన కాసేపటికి ఆ కోడలుపిల్ల వచ్చింది. మండువేసవి. ఆ ఎండలో కొంగు మెడ చుట్టూ రెండు చుట్లు చుట్టుకుని వచ్చింది. మాట్లాడకుండా తన చాప మీద కూర్చుంది. హారమేదీ అని అడిగాను. రొంటిన దోపుకున్న గుడ్డ విప్పి, హారం తీసి నా ముందు పెట్టింది. శుభ్రంగా కడిగి ఉంది.

“చూడండి టీచరు గారూ. ఒక్క లంకె కూడా ఊడలేదండీ.”

ఆ గొంతు ఆ పిల్లది కాదు. గాలి మాత్రమే వస్తోంది, మాట రావడం లేదు. ఆ బొంగురు గొంతుతో, నవ్వు మొహంతో, నాకు శుభవార్త చెబుతున్నట్టు చెప్పింది.

నేను లేచి వెళ్లి కొంగు తీశాను. మెడ చుట్టూ ఎర్రటి గీత. చెవి కింద చర్మం లేచిపోయి ఉంది. మెడ వెనక కొక్కెం ఉండే చోట మాంసంలోకి దిగి, అక్కడ పసుపు పెట్టి ఉంది. మా మూడు చుట్లు లెక్కపెట్టుకోవచ్చు ఆ పిల్ల చర్మం మీద.

జరిగింది ఇది. ముందు రోజు సాయంత్రం అత్తగారు రాట్నం తిప్పుతోంది. తాడుకి పీచు చిక్కుపడితే, ఈ పిల్ల రాట్నం మీదకి వంగి చిక్కు తియ్యబోయింది. మెడలోని హారం వేలాడి, రాట్నానికి తిరిగే కొక్కెంలో పడింది. రాట్నం రెండు చుట్లు తిరిగేసింది. హారం మెడకి బిగిసింది. ఆ పిల్ల అరవలేకపోయింది. అత్తగారు చూసి ఆపి, వెనక్కి తిప్పేదాకా అలాగే రాట్నానికి మొహం ఆనించి ఉండిపోయింది. పాత లంకెలైతే మొదటి చుట్టుకే బిళ్లలన్నీ నేల రాలిపోయేవి. పిల్ల నవ్వుకుంటూ ఏరుకునేది.

“రాత్రే ఎందుకు కబురు పెట్టలేదే?” అన్నాను.

“పార్సిలు ఆపేస్తారని అండీ” అంది. అని నా చెయ్యి పట్టుకుంది. “ఆపకండి టీచరు గారూ. ఇది ఎత్తేస్తే నేను మళ్లీ ఆ రాట్నం దగ్గరికే పోవాలండి. మీకు పుణ్యముంటుంది.”

నేను చెప్పులు కూడా వేసుకోకుండా బయల్దేరాను. సముద్రం అక్కగారు గుమ్మం దాకా వచ్చింది. పక్కకి తప్పుకుని నాకు దారి ఇచ్చింది.

సెంటరు నుంచి బస్టాండు మైలు దూరం కూడా లేదు. ఆ దారంతా ఎలా నడిచానో నాకు సరిగా గుర్తు లేదు. గట్టు మీద ధూళి కాలుతోంది. కాలవలో కొబ్బరికాయల పడవ ఒకటి నాతో పాటే, నా నడకకి సరిగ్గా వస్తోంది. దాని మీద ఒక మనిషి టోపీ మొహం మీద పెట్టుకుని నిద్రపోతున్నాడు. ఆ పడవ నన్ను దాటితే పార్సిలు ఆపెయ్యాలని, నేను దాటితే ఆపనక్కర్లేదని ఒక పిచ్చి లెక్క పెట్టుకున్నాను. వంతెన దగ్గర అది ఆగిపోయింది. ఎవరు గెలిచారో తెలీలేదు. బస్టాండులోకి వచ్చేసరికి నా కళ్ల ముందు అంతా తెల్లగా ఉంది. ఆ తెలుపులో రాజమండ్రి బస్సు ఎర్రగా నిలబడి ఉంది.

పార్సిలు బస్సు పైకి ఎక్కించేశారు. గోనెగుడ్డ మీద నా చేత్తోనే రాసిన చిరునామా కింద నుంచి కనిపిస్తోంది. పైన ఒక కూలీ దానికి తాడు కడుతున్నాడు. మేనేజరు గారు గొడుగు వేసుకుని కింద నిలబడి ఉన్నారు. నన్ను చూసి, ఉత్త కాళ్లు చూసి, కంగారు పడ్డారు.

“ఏంటమ్మా? ఏవన్నా మర్చిపోయేమా?”

పైనున్న కూలీ కూడా చెయ్యి ఆపి నా వైపు చూశాడు. “దింపమంటారాండీ?” అన్నాడు.

ఒక్క మాట. దింపండి అంటే చాలు. విప్పుకుని, నూట ఇరవై హారాలకీ మెడ వెనక ఒక్క లంకె మార్చుకుంటే వారం రోజుల పని. గడువు దాటిపోతుంది, అంతే. దాటితే దుకాణం వాళ్లు తీసుకునేవారో లేదో. సెంటరు ఉండేదో ఊడేదో. పన్నెండు చాపలు నా కళ్ల ముందు ఉన్నాయి. ఆ పిల్ల చెయ్యి ఇంకా నా చెయ్యి పట్టుకునే ఉన్నట్టుంది. ఇవన్నీ నిజమే. కానీ నిజం అంతా అది కాదు. అంత పెద్ద పరీక్ష నెగ్గిన నా లంకె తప్పని, వలలు అల్లుకునే మనిషి చెప్పినదే ఒప్పని, బస్టాండులో అందరి ముందూ నా నోటితో నేను చెప్పుకోవాలి. ఆ మాట గొంతు దాటలేదు. రాట్నం దగ్గర ఆ పిల్లకి అరుపు రాలేదంటే హారం బిగిసి రాలేదు. నాకేం బిగిసిందని?

“ఏం లేదండీ. కట్టు వదులుగా ఉందేమోనని చూద్దామని వచ్చేను” అన్నాను.

“మీకు పని మీద ఎంత ధ్యాసమ్మా” అన్నారు మేనేజరు గారు. కూలీ నా మాట మన్నించి తాడు ఇంకోసారి బిగించి కట్టాడు. బస్సు కదిలింది. అది మలుపు తిరిగేదాకా గోనెగుడ్డ మీద నా అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి.

సెంటరుకి తిరిగి వచ్చాక సముద్రం అక్కగారు అడిగింది. “పంపేసేరాండీ?”

“ఆయ్” అన్నాను.

ఆవిడ కాసేపు తీగ చుట్టింది. తర్వాత తలెత్తకుండా చెప్పింది. “మా మరిది కొత్తగా నైలాను తాడు కొనుక్కొచ్చేడండీ ఓసారి. నూలు ముడి ఎందుకు, ఇది తెగదు కదా అన్నాడు. రాయి దగ్గర కూడా అదే కట్టేడు. తెగలేదండి. పడవ ఒరిగిపోయింది. నైలాను తాడు దొరికిందండి, గట్టిగానే ఉంది. మరిది దొరకలేదు.”

“ఆ రోజే ఎందుకు చెప్పలేదండీ ఇది?”

“నవ్వేరు కదండీ” అంది. అందులో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

ఆ ఆదివారం చర్చిలో అందరితో పాటు పాపపు ఒప్పుకోలు చదివాను. చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన మాటలే. సగంలో ఆగిపోయాను. చుట్టూ ఉన్న గొంతులు నన్ను దాటి ముందుకి వెళ్లిపోయాయి.

నెల తిరక్కుండా దుకాణం నుంచి ఉత్తరం వచ్చింది. మేనేజరు గారు మా అందరి ముందూ నిలబడి చదివారు. ఇంత గట్టి పని తాము ఎక్కడా చూడలేదని, ఇంకా పంపమని రాశారు. పన్నెండు మందీ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది ఆ కోడలుపిల్లే. మెడ చుట్టూ గీత అప్పటికి నల్లబడింది. నేను ఆ రోజు సాయంత్రం మేనేజరు గారితో అంతా చెప్పేశాను. పొగిడించుకున్నాక చెప్పడం ఎంత తేలికో చూడండి. ఆయన గొడుగు మడిచి, విప్పి, మళ్లీ మడిచారు.

“బస్టాండులోనే చెప్పుంటే బాగుండేదమ్మా” అన్నారు.

“చెప్తే దింపించేవారాండీ?”

“తెలీదమ్మా” అన్నారు. ఆయన మీద నాకున్న గౌరవం ఆ ఒక్క మాటతో పెరిగింది.

దుకాణానికి ఉత్తరం రాశాం. ఆ హారాలు ఉన్నవి ఉన్నట్టు తిప్పి పంపండి, మెడ వెనక ఒక్క లంకె మార్చి ఇస్తాం, ఖర్చులు మావే అని. జవాబు వెంటనే వచ్చింది. ఒక్కటి కూడా మిగల్లేదట. వచ్చిన నాలుగో రోజుకే అన్నీ అమ్ముడైపోయాయట. ఊళ్లు చూడ్డానికి వచ్చినవాళ్లు ఎక్కువ కొన్నారట, ఎవరెక్కడి వాళ్లో తెలియదట. చివర మళ్లీ పొగిడారు.

ఆ తర్వాత మా హారాల్లో అన్ని లంకెలూ మూడు చుట్లవే, ఒక్కటి తప్ప. మెడ వెనక కొక్కెం పక్కన సన్నటి తీగతో, చుట్టు లేకుండా ఒక కన్ను వేసేవాళ్లం. ఎంత బలానికి ఊడాలో తేల్చే పని సముద్రం అక్కగారిది. తన మెడలోనే వేసుకుని, ముందు నుంచి చేత్తో లాగి చూసేది. మెడకి నొప్పి తెలియకముందే ఊడితే సరే అనేది. ఒక్క రవ్వ ఆలస్యమైనా తల అడ్డంగా ఊపి నా చేతికి ఇచ్చేసేది. నేను మారుమాట్లాడకుండా మళ్లీ చేసేదాన్ని. మెడ వెనక ఊడుతోందని దుకాణం నుంచి అప్పుడప్పుడు ఫిర్యాదులు వచ్చేవి. అది ఊడడానికే పెట్టామండీ అని ప్రతిసారీ ఒకే జవాబు రాసేదాన్ని. మొదట్లో విసుక్కున్నారు. తర్వాత వాళ్లకీ అలవాటైపోయింది.

ఎనభైల చివరిదాకా సెంటరు నడిచింది. ఆ కోడలుపిల్ల చివరి రోజు దాకా నా పక్క చాప మీదే పనిచేసింది. గొంతు మాత్రం పాతలా రాలేదు. కీర్తన పాడేటప్పుడు పైకి పోవాల్సిన చోట ఆగి, మిగతావాళ్లు పాడుతూంటే వినేది. ఇప్పుడు మనవలున్నారు. ఇది రాస్తున్నానని మొన్న చెబితే, “ఇంకా ఆ సంగతేనా అండీ? నేనెప్పుడో మర్చిపోయేను” అంది. ఆ పిల్ల మర్చిపోవచ్చు. ఆ హక్కు ఆ పిల్లకుంది, నాకు లేదు.

నాకు అప్పుడప్పుడు పగటినిద్రలో అవి కనిపిస్తాయి. ఎక్కడివో తెలియని ఆడవాళ్లు, నా భాష రానివాళ్లు, ఏ కుట్టుమిషను మీదకో, ఏ పిండిమర మీదకో వంగుతూ ఉంటారు. వాళ్ల మెడల్లోంచి నల్లటి బిళ్లలు ముందుకి జారి వేలాడుతూ ఉంటాయి. నేను పిలుస్తాను. వాళ్లు తిరిగి చూసి, ఎంత గట్టిగా ఉందో చూడండి అని నవ్వుతారు. లేచి కూర్చుని మంచినీళ్లు తాగుతాను.

కొబ్బరి చిప్ప చెదలు పట్టదు. ఇత్తడి తీగ నల్లబడుతుంది గానీ తెగదు. మేం అవి బాగా చేశాం కాబట్టి అవి ఇంకా ఎక్కడో ఉండే ఉంటాయి. మీ అమ్మమ్మ పెట్టెలోనో, మీ అత్తగారి బీరువాలోనో నల్లటి చిప్ప బిళ్లల హారం కనిపిస్తే ఒకసారి తిప్పి మెడ వెనక చూడండి. అక్కడ కూడా తీగ మూడు చుట్లు చుట్టి ఉంటే, అది నేను దింపించనిది. కటింగు ప్లయరుతో ఆ ఒక్క లంకె కత్తిరించెయ్యండి. గట్టిగా ఉంటుంది, రెండు చేతులా నొక్కాలి. ఆ చోట మామూలు నూలు దారం కట్టుకుని, అప్పుడు వేసుకోండి.